పెరటిలో పూవులు, పాదుపై పిందెలు

గుమ్మడిపాదు ఇంటికప్పు మీదికి ప్రాకినది. ఆకు దట్టముగ నున్నది. ప్రతిదినము ఉదయము పదేసి పూవులు విచ్చుచున్నవి. పిందె మాత్రము గోళీకాయంత అయి, పసుపుబారి, రాలిపోవుచున్నది. గ్రామములలో గృహిణులు తరచుగ చెప్పు మాట ఇది. ఎరువు చాలలేదని కొందరందురు. దిష్టి తగిలినదని పందిరికి పాత చెప్పు వ్రేలాడదీయువారును గలరు. ఎరువును దిష్టిని ఒకప్రక్కన నుంచి, తెల్లవారిన పిదప ఆ పాదు దగ్గర ఒక అరగంట కూర్చుండి చూచినచో అసలు సంగతి చాలవరకు తెలిసిపోవును. పూవు విచ్చి యుండును, కాని దానిమీద వ్రాలునది ఏదియు నుండదు.

గుమ్మడి, సొర, బీర, పొట్ల, కాకర, దోస మొదలగు పాదులన్నిటియందును మగపూవులు వేరు, ఆడపూవులు వేరు. ఆడపూవు క్రింద చిన్న పిందె పుట్టుకతోనే యుండును. మగపూవులోని పుప్పొడి ఆడపూవు నడుమనున్న కీలాగ్రమును చేరిననే ఆ పిందె నిలుచును, లేకున్న రాలును. గుమ్మడి పుప్పొడి బరువైనది, జిగురు గలది. గాలికి ఎగిరిపోవునది కాదు. దానిని ఒక పూవునుండి మరియొక పూవునకు మోసుకొనిపోవు కూలివాడు కావలెను. ఆ కూలివాడే తేనెటీగ. అతనికి మనము ఇచ్చు కూలి ఆ పూవులోని తేనెబొట్టు మాత్రమే.

వేళ కూడ ముఖ్యము. గుమ్మడి పూవు తెల్లవారుజామున విచ్చి, ప్రొద్దెక్కిన కొలది ముడుచుకొనిపోవును. దోస, కాకర పూవులును ఉదయమే విచ్చును. సొర, పొట్ల పూవులు తెల్లనివి, సాయంకాలము విచ్చి రాత్రియంతయు నుండును. బీరపూవు పసుపుపచ్చనిదే యైనను ప్రొద్దు వాలిన తరువాతనే విచ్చును. రాత్రివేళ విచ్చు పూవులకు చిమ్మటలు మొదలగు రాత్రిచర కీటకములే దిక్కు. ఇంటిచుట్టు రాత్రియంతయు దీపములు వెలుగుచున్నచో చిమ్మటలు దీపముచుట్టు తిరుగుచు అలసిపోవును గాని, సొరపాదు వంక పోవు. పెరటివైపు దీపమును అవసరము తీరగనే ఆర్పుట కరెంటు బిల్లుకే గాక సొరకాయకును మేలు.

పిందె రాలుటకు కారణము కీటకములు లేకపోవుటయేనా, మరియొకటియా యని నిర్ణయించుటకు తేలికయైన పరీక్ష యొకటి కలదు. ఉదయము ఆరు, ఏడు గంటల నడుమ అప్పుడే విచ్చిన మగపూవు నొకదానిని కోసి, రేకులు ఒలిచి, లోపలి కేసరమును ఆడపూవు కీలాగ్రముపై మెల్లగ రాయవలెను. ఆ ఆడపూవు తొడిమకు దారపుపోగు కట్టి గుర్తు పెట్టవలెను. ఇట్లు ఐదారు పూవులకు చేసి, మరి ఐదారింటిని ఊరక విడువవలెను. వారము దినములలో దారము కట్టినవి నిలిచి, కట్టనివి రాలిపోయిన యెడల ఆ పెరటికి తేనెటీగలు వచ్చుట లేదని రూఢియగును. రెండును రాలినచో కారణము వేరు. అధికమైన యూరియా, తీవ్రమైన ఎండ, నీటి ఎద్దడి, లేక పిందెలో గ్రుడ్లు పెట్టు పండుఈగ కావచ్చును. పాదు పూత మొదలుపెట్టిన తొలి దినములలో మగపూవులే వచ్చుట సహజము గనుక అప్పుడు తొందరపడరాదు. ఈ పరీక్షను గ్రామములోని పాఠశాలలో ఉపాధ్యాయులు పిల్లలచేత చేయించినచో ఒక మంచి పాఠమగును. పిల్లలు ఇంటికి పోయి తల్లులకు చెప్పుట మేము వ్రాయు వ్యాసములకంటె త్వరగ పనిచేయును.

వరి, మొక్కజొన్న వంటి పైరులకు తేనెటీగల అవసరము లేదు. వాని పని గాలి వలననో, తమంతట తామో జరిగిపోవును. అందువలననే ధాన్యము పండినంత కాలము ఈ విషయము మన దృష్టికి రాలేదు. కాని కూర, పండు, నూనెగింజ వీనిలో పెక్కు వాని సంగతి వేరు. ప్రొద్దుతిరుగుడు, నువ్వులు, ధనియాలు, విత్తనపు ఉల్లి, మామిడి, జామ, నిమ్మ, ములగ ఇవన్నియు ఎంతో కొంత కీటకములకు ఋణపడినవే.

వంకాయ విషయము మరింత ఆసక్తికరమైనది. వంగపూవులో పుప్పొడి బయటికి కనబడదు. కేసరముల కొనలయందు సూదిబెజ్జము లంతటి రంధ్రములుండి, పుప్పొడి వానిలోపల భద్రముగ దాగియుండును. ఉప్పుడబ్బాను ఆడించిననే ఉప్పు రాలినట్లు, ఆ పూవును అదరించిననే పుప్పొడి రాలును. తేనె తీయు సామాన్యపు తేనెటీగకు ఈ విద్య రాదు. నల్లని తుమ్మెద, పొట్టమీద నీలిచారలు గల చిన్న ఈగ, ఇట్టి కొన్ని జాతులు మాత్రము పూవును కాళ్లతో బిగియపట్టి, రెక్కలు కదల్చకయే ఝుమ్మని ఒళ్లు అదరించును. ఆ ఝంకారమునకు పుప్పొడి దుమ్మువలె రాలును. వంగ కొంతవరకు తనకు తానే కాయగలదు గాని, ఇవి వచ్చిన చోట కాపు హెచ్చును. టమాటాకును ఇదే పద్ధతి.

తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు ఈ కుటుంబములోనిది కాదు గాని, దాని అలవాటు ఇదే. తంగేటిపూవులో తేనె లేదు. పుప్పొడి కేసరముల కొనలనుండి రాలవలెను, దానిని రాల్చునది తుమ్మెదయే. ఊరిచుట్టు తంగేడు పొదలు ఉన్నచోట తుమ్మెదకు మేత దొరకును, ఆ తుమ్మెదయే పెరటిలోని వంగకును వచ్చును. బతుకమ్మ పండుగకు పూవులకై యువతులు ఊరికి దూరముగ పోవలసివచ్చిన గ్రామములలో, వంగతోట గలవారును ఆలోచింపవలసిన సంగతి యున్నదని మా అభిప్రాయము.

ములగ సంగతియు ఇట్టిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు విశాఖపట్టణములో ములగచెట్ల పూతను పరిశీలించి, 1990లో ప్రకటించిన వ్యాసములో, ఆ పూవులకు ముఖ్యముగ ఉపకరించునవి తుమ్మెదలును నీలిచారల ఈగజాతియు నని తెల్పిరి.

ఈ కూలివారు కాపురముండునది ఎక్కడ?

తేనెటీగ యనగనే చెట్టుకొమ్మకు వ్రేలాడు పెద్ద తేనెపట్టు మనకు జ్ఞప్తికి వచ్చును. అది ఒక జాతి మాత్రమే. చెట్టుతొర్రలలో, పాతగోడల సందులలో పలుపొరల పట్టు పెట్టునది మరియొకటి. పెట్టెలలో పెంచుటకు అనువైన మన దేశవాళీ జాతి ఇదియే. పొదలలో అరచేయంత పట్టు పెట్టు చిన్న తేనెటీగ వేరొకటి. ఇవన్నియు గుంపుగ బ్రతుకునవి. ఇవి గాక ఒంటరిగ జీవించు ఈగజాతులు వందలు గలవు. వానికి పట్టు లేదు, రాణి లేదు, మనము తీసుకొనుటకు తేనెయు లేదు. గావున వానిని ఎవరును గమనింపరు. తుమ్మెద ఎండిన దూలమునో బొంగునో తొలిచి అందులో గ్రుడ్లు పెట్టును. నీలిచారల ఈగ మెత్తని మట్టిగోడలో గాని, చదునైన నేలలో గాని బెజ్జము చేసుకొనును. గులాబి, కంది మొదలగు వాని ఆకులను గుండ్రముగ కత్తిరించి తీసుకొనిపోయి గూటికి పరుపు వేయు ఈగ మరియొకటి. ఆకుపై అర్ధచంద్రాకారపు కోతలు చూచి పురుగు తినినదని మందు కొట్టువారు దీనినే చంపుచున్నారు. అది ఆకును తినదు, కోసుకొని పోవును, అంతే.

ఇండ్లు పక్కావైనవి. మట్టిగోడ పోయినది, దడి పోయి ప్రహరీ వచ్చినది, వాకిలియు పెరడును సిమెంటుతో నిండినవి. ఇది అభివృద్ధియే, దానిని కాదనువారు లేరు. వెనుకటి పూరిపాక రోజులు మరల రావలెనని మేము చెప్పుట లేదు. అయితే ఆ గోడతోపాటు పోయిన బెజ్జముల స్థానమున మరికొన్నింటిని కల్పించుట కష్టము కాదు. పెరటిలో ఎండ తగులు మూల రెండు చదరపు గజముల నేలను త్రవ్వక, సిమెంటు వేయక ఉంచిన చాలును. వ్రేలంత లావు గల ఎండు వెదురు గొట్టములను జానెడేసి పొడవున, ఒకవైపు కణుపు మూసియుండునట్లు కోసి, పది పదిహేనింటిని కట్టగ కట్టి, వాన తడియని చూరుక్రింద అడ్డముగ కట్టవలెను. దీనికగు ఖర్చు ఏమియు లేదు.

ఏడాది పొడుగున పూవు

తేనెటీగలకు ఒక మాసము విందు, రెండు మాసములు పస్తు పెట్టినచో అవి నిలువవు. పెరటి తోటలో ఏ ఋతువునందైనను ఏదో యొక పూవు ఉండునట్లు చూచుకొనుటయే అసలు నేర్పు. ఎండకాలమునకు చింత లేదు. మామిడి, వేప, కానుగ, చింత వరుసగ పూయును. కానుగపూత మీద తేనెటీగల రొద ఎరుగని రైతు లేడు. వానలు దట్టముగ పడు మాసములు, శీతకాలపు చివర మాత్రము కొంత లోటు. ఆ లోటును తులసి, బంతి, ధనియాలు తీర్చగలవు. కొత్తిమీర, మెంతి, ముల్లంగి మడిలో అంతయు కోసివేయక, చివర ఒక జానెడు వరుసను పూతకు విడువవలెను. కొత్తిమీర పూవులు చిన్నవి, వానిపైకి తేనెటీగలేగాక, పేనుబంకను తిను అక్షింతల పురుగులును, మరి కొన్ని మేలుచేయు ఈగలును వచ్చును. మరుసటి సంవత్సరమునకు విత్తనమును దక్కును. బంతియైనను మందారమైనను ఒంటిరేకు పూవులే మేలు. ముద్దబంతి, ముద్దమందారము చూపునకు ఇంపుగ నుండును గాని, రేకులు దట్టమై లోపలికి దారి ఉండదు.

వినాయకచవితి పత్రిని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో నాటవలసిన మొక్కల పట్టిక సగము సిద్ధముగనే యున్నది. రేగు, మామిడి, తులసి, వావిలి, విష్ణుక్రాంతము, దానిమ్మ, జిల్లేడు, మద్ది, జమ్మి ఇవన్నియు ఏదో యొక కీటకమునకో పక్షికో ఆధారములే. జిల్లేడును పిచ్చిమొక్కయని పెరుకువారు గలరు. నారింజవన్నె రెక్కలకు నల్లని అంచు గల సీతాకోకచిలుక తన గ్రుడ్లను పెట్టుటకు జిల్లేడు జాతి మొక్కలనే వెదకును. ఊరిలో జిల్లేడు లేనినాడు ఆ సీతాకోకచిలుకయు నుండదు. తుమ్మిమొక్క వానకాలమున తానై మొలచును, దాని తెల్లని పూవులకొరకు తేనెటీగలు పోటీపడును. దానిని ఒక మూల ఉండనీయవలెను.

ఇక్కడ ఒక ఇబ్బంది గలదు. సీతాకోకచిలుక కావలెనన్న గొంగళిపురుగును సహింపవలెను. కరివేపచెట్టుపైనను, నిమ్మపైనను కనబడు పక్షిరెట్టవంటి పురుగులు, పెరిగిన తరువాత ఆకుపచ్చగ మారునవి, అందమైన పెద్ద సీతాకోకచిలుకల సంతానము. ఏపుగ పెరిగిన చెట్టుకు నాలుగు రెమ్మల ఆకు పోయినంత మాత్రమున నష్టము లేదు. ఇంకను చేతెడెత్తు మొక్కయైనచో ఆ పురుగులను చేతితో ఏరి పెద్దచెట్టు మీద వేయవచ్చును. చంపుట చివరిమాట.

గొంగళిపురుగులు మిగులకుండ చూచుకొనువారు వేరే యున్నారు. ఆకులను నారతో కుట్టి గూడు కట్టుకొను చిన్న పిట్ట, తేనెపిట్ట, పిచ్చుక ఇవి తాము ఏమి తినినను, పిల్లలకు మాత్రము మెత్తని పురుగులనే తెచ్చి పెట్టును. గింజలు తిను పిచ్చుకయు ఇందుకు మినహాయింపు కాదు. కోస్తా జిల్లాలలో కోతల వేళ వరికంకులను కుచ్చులుగ అల్లి చూరునకు, దేవాలయ మంటపములకు కట్టు ఆచారము ఇప్పటికిని అక్కడక్కడ గలదు. అది పెద్ద పిచ్చుకలకు చక్కని తిండి. ఆ పెరటిలో పురుగుమందు కొట్టినచో పిల్లలకు మాత్రము తిండి దొరకదు.

నీటిని మరువరాదు. వెడల్పైన మట్టిమూకుడులో గులకరాళ్లు పోసి, రాళ్ల తలలు తేలునట్లు నీరు పోసిన తేనెటీగలు మునిగిపోక త్రాగును. దోమలు పెరుగకుండ రెండు దినముల కొకసారి ఆ నీటిని పారబోసి, మూకుడును తోమి మరల నింపవలెను.

పొదలు పెంచినచో పాములు చేరునను భయము సహజము, నిర్హేతుకమును కాదు. ఇంటిగోడకును పశువుల కొట్టమునకును మూడు గజముల మేర నేలను శుభ్రముగ ఊడ్చి, కట్టెల మోపులు, ఇటుకల కుప్పలు లేకుండ చూచుకొనవలెను. పూలపొదలు, కంచెమొక్కలు పెరటి చివర నుండవలెను. పాములు వచ్చునది పూవులకు కాదు, ఎలుకలకు. ధాన్యపు బస్తాలు భద్రముగ నున్న ఇంట ఆ భయము తగ్గును. అట్లే, తానై మొలచిన దెల్ల ఉంచవలెనని ఎవరును భ్రమపడరాదు. 1950ల దశకమున పూనా ప్రాంతములో మొదట గుర్తింపబడి దేశమంతట వ్యాపించిన వయ్యారిభామను పూతకు రాకమునుపే, చేతికి తొడుగు వేసుకొని, వ్రేళ్లతో పెరుకవలెను.

మందు సీసా, పొరుగువారి పెరడు

ఇంతవరకు చెప్పినది గృహస్థుల పని. పంచాయతీకి ఇందు పాత్ర ఏమని అడుగవచ్చును. తొర్రలో నుండు దేశవాళీ తేనెటీగ తన గూటినుండి సామాన్యముగ ఒక కిలోమీటరు దూరము వరకును, కొన్నియెడల అంతకు మించియు పోయి మేత తెచ్చుకొనును. అంత దూరములో ఎన్ని ఇండ్లు, ఎన్ని పొలములు, ఎన్ని రోడ్లు గలవో సభ్యులు లెక్కవేసికొనవచ్చును. ఒక ఇల్లాలు ఎంత శ్రద్ధతో పూవులు పెంచినను, ప్రక్క చేనివారు పూతమీద మందు కొట్టిన ఉదయమున ఆమె గుమ్మడిపాదునకు వచ్చువారు లేకపోవుదురు. ఇది ఒక ఇంటి గోడలో ఇముడు వ్యవహారము కాదు. చెరువునీటివలె ఊరుమ్మడి వ్యవహారము.

ఇమిడాక్లోప్రిడ్ అను మందు మన రైతులకు సుపరిచితమే. దానిని, దాని వర్గములోని మరి రెండు మందులను తేనెటీగల రక్షణ నిమిత్తము ఆరుబయట పైరులపై వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది. మన రైతులు అన్ని మందులను ఒక్కదినమున మానవలెనని మేము చెప్పజాలము. కాని పూత విచ్చియున్న పైరుపై కొట్టకుండుట, తప్పనిసరియైనచో తేనెటీగలు గూటికి చేరిన సాయంకాలమున కొట్టుట, కొట్టబోవు సంగతి ప్రక్కవారికిని తేనెపెట్టెలు గలవారికిని ముందురోజు చెప్పుట, ఈ మూడింటికి పైసా ఖర్చు లేదు. దండోరా వేయించుటకో, మైకులో చెప్పించుటకో పంచాయతీకి అధికారమున్నది.

పంచాయతీ ఇంతకు మించియు చేయగలదని చూపిన గ్రామము మన మధ్యనే యున్నది. అప్పటి ఖమ్మము జిల్లాలోని పాల్వంచ మండలపు పునుకుల గ్రామ రైతులు ప్రత్తిపై పురుగుమందులు మాని, వేపగింజల కషాయము వంటి పద్ధతులను అవలంబించిరి. 2004లో ఆ పంచాయతీ తమ గ్రామము పురుగుమందులు లేని గ్రామముగనే యుండవలెనని తీర్మానించినది. వారిని కదిలించినది తేనెటీగల మీది ప్రేమ కాదు, మందుల అప్పులును అనారోగ్యమును. ఏ కారణమున మానినను తేనెటీగకు మేలు ఒక్కటే.

చట్టమునందును ఆధారము గలదు. 2002 సంవత్సరపు జీవవైవిధ్య చట్టము 41వ విభాగము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు తన పరిధిలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పరుపవలెను. గ్రామములోని మొక్కలు, జంతువులు, వానిని గూర్చి పెద్దలకు తెలిసిన సంగతులు వ్రాసియుంచు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఆ కమిటీ పనియే. పెక్కుచోట్ల ఈ కమిటీ కాగితముపై నిలిచిపోవుట విచారకరము. రిజిస్టరు తెరచి, ఊరిలో ఏ తొర్రలో తేనెపట్టు కలదో, ఏ గట్టున తంగేడు మిగిలినదో ముసలివారి నడిగి వ్రాయుటతో దానిని మొదలుపెట్టవచ్చును. తెలంగాణములో 2018 పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిదప గ్రామగ్రామమున నర్సరీలు వెలసినవి. అట్టి నర్సరీ గలచోట అందముకొరకు పెంచు మొక్కలతోపాటు కానుగ, నేరేడు, ఉసిరి, వావిలి, తంగేడు నారును పోయించి ఇంటింటికి ఇప్పించుట సభ్యుల చేతిలోని పని. చెరువుగట్టు, శ్మశానవాటిక, పాఠశాల ప్రహరీ, బందెలదొడ్డి వెనుక స్థలము, ఇవి నాటుటకు తగినవి. రోడ్డుప్రక్క గడ్డిని కలుపుమందుతో మాడ్చుటకు బదులు, వానకాలపు పూత ముగిసిన తరువాత కోయించినచో పశువులకు మేతయు దక్కును. దోమలకు పొగ పెట్టించుటకు ముందు నిలువనీటిని తీసివేయించవలెను. పొగ దోమనే వెదకి చంపునది కాదు.

వేపగింజల కషాయము తయారుచేయు విధము చాలమందికి తెలిసినదే యైనను ఇక్కడ వ్రాయుచున్నాము. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి చొప్పున గుడ్డలో మూటకట్టి రాత్రియంతయు నానవేసి, ఉదయము బాగుగ పిండి వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి, ఆ సాయంకాలమే ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. విచ్చిన పూవులపై దీనినైనను చల్లరాదు. మందులకు బదులు దీనిని వాడుడని చెప్పునపుడు రైతు మొదట అడుగునది గింజలెక్కడ నని. వేపపండ్లు రాలునది ఎండకాలపు చివర, తొలకరి దినములలో. ఆ రోజులలో ఏరించి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, గాలి ఆడు గోనెసంచులలో పంచాయతీ కార్యాలయపు పొడిగదిలో నిలువచేసినచో మరుసటి వేసవి వరకు గ్రామమునకు చాలును. ప్లాస్టికు సంచులలో కట్టరాదు, బూజు పట్టును.